తిండిగింజలు – విదేశాంగ నీతి: 1965–67 ఆహార సంక్షోభంలో భారతదేశం

వ్యాససంగ్రహం:
అభివృద్ధి చెందుతున్న దేశాల పాలనను చర్చించేటప్పుడు అంతరంగిక విధానం, విదేశాంగ విధానం అని రెండు విభాగాలు చేయడం పరిపాటి. 1965–67 నాటి ఆహార సంక్షోభం ఈ విభజనకు నిలవదు. గోధుమల దిగుమతి, రూపాయి విలువ తగ్గింపు, వియత్నాం యుద్ధంపై భారత వైఖరి, రాష్ట్రాల మధ్య బియ్యం రవాణాపై ఆంక్షలు, ఎరువుల కర్మాగారాలకు అనుమతులు ఆ రెండేళ్లలో ఒకదానితో ఒకటి ముడిపడ్డాయి. వ్యవసాయ విధానంలో నాడు వచ్చిన మార్పు అమెరికా ఒత్తిడి ఫలితమేనన్న వాదాన్నీ, కేవలం జాతీయ సంకల్ప ఫలితమన్న వాదాన్నీ ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పరాధీనతకు మూలం దేశంలోపలి రాజకీయ ఎంపికల్లో ఉందనీ, దానినుంచి బయటపడే మార్గానికి అయిన ఖర్చు కూడా దేశంలోపలే, అందరిపై సమానంగా కాకుండా, పడిందనీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఆహార సంక్షోభం, పి.ఎల్. 480, అలీన విధానం, ఆహార మండలాలు, హరిత విప్లవం, పశ్చిమ గోదావరి.

1. ప్రవేశిక:
స్వాతంత్ర్యం వచ్చేనాటికి బెంగాల్ కరువు ముగిసి నాలుగేళ్లయినా కాలేదు. 1943లో లక్షలాది మందిని బలిగొన్న ఆ కరువు జ్ఞాపకం కొత్త ప్రభుత్వపు ఆహార విధానంపై చాలాకాలం నీడలా నిలిచింది. దానికి తోడు, దేశ విభజనతో పశ్చిమ పంజాబులోని కాలువల కింది గోధుమ భూములు పాకిస్తాన్‌కు వెళ్లాయి. కనుక స్వతంత్ర భారతదేశం మొదటినుంచీ తిండిగింజలను దిగుమతి చేసుకునే దేశంగానే ప్రపంచ రాజకీయాల్లో అడుగుపెట్టింది. అదే సమయంలో అగ్రరాజ్యాల కూటముల్లో దేనిలోనూ చేరబోమని ప్రకటించింది. ఈ రెండింటి మధ్య ఉన్న వైరుధ్యం తొలి పదిహేనేళ్లలో అప్పుడప్పుడు మాత్రమే కనిపించి, 1965 తర్వాత పూర్తిగా బయటపడింది.

వైరుధ్యపు తొలి సూచన 1951లోనే వచ్చింది. గోధుమల కోసం భారత ప్రభుత్వం అమెరికాను అభ్యర్థించినపుడు కొరియా యుద్ధం నడుస్తోంది. ఆ యుద్ధం విషయంలో నెహ్రూ అనుసరించిన వైఖరి అమెరికన్ కాంగ్రెసులో పలువురికి నచ్చలేదు. నెలల తరబడి చర్చ సాగిన తర్వాత 19 కోట్ల డాలర్ల సాయానికి ఆమోదం లభించింది. అది దానం కాదు, రుణం. ధాన్యం కోసం చేసే అభ్యర్థన విదేశాంగ విధానంపై విచారణగా మారగలదని ఆ అనుభవం తెలియజేసింది.

2. సులభమైన దారి – పి.ఎల్. 480:
1954 జూలైలో అమెరికా చేసిన 480వ పబ్లిక్ లా ఆ దేశపు మిగులు ధాన్యాన్ని స్థానిక కరెన్సీలకు అమ్మడానికి వీలు కల్పించింది. అమెరికన్ రైతు ధర నిలబెట్టడం, కొత్త మార్కెట్లు సంపాదించడం, దౌత్య ప్రయోజనాలు సాధించడం దాని లక్ష్యాలు. అంటే అక్కడ కూడా అది వ్యవసాయ విధానమూ విదేశాంగ విధానమూ కలిసిన చట్టమే. భారతదేశం 1956 ఆగస్టులో తొలి ఒప్పందం కుదుర్చుకుంది. 1960 మే నెలలో ఆహార మంత్రి ఎస్.కె. పాటిల్ వాషింగ్టన్‌లో సంతకం చేసిన ఒప్పందం మరీ పెద్దది: నాలుగేళ్లలో 1.6 కోట్ల టన్నుల గోధుమలు, 10 లక్షల టన్నుల బియ్యం.

ఈ ఒప్పందాల ఆకర్షణ చెల్లింపు పద్ధతిలో ఉంది. రెండో పంచవర్ష ప్రణాళిక భారీ పరిశ్రమలకు ప్రాధాన్యమివ్వడంతో 1957 నాటికే విదేశీ మారకద్రవ్య నిల్వలు కరిగిపోయాయి. అటువంటి స్థితిలో గోధుమలకు డాలర్లు చెల్లించనక్కరలేదు, రూపాయలు చాలు. ఆ రూపాయలు భారతదేశంలోనే అమెరికా ఖాతాలో జమయ్యేవి. వాటిలో అధికభాగం తిరిగి భారత ప్రభుత్వానికే అభివృద్ధి రుణాలుగా వచ్చేది.

దేశీయంగా దీనికి మరొక ప్రయోజనం ఉంది. పరిశ్రమలు పెరగాలంటే నగరాల్లో తిండి చౌకగా ఉండాలి. ఆ ధాన్యాన్ని దేశంలోనే సేకరించాలంటే రైతుకు మంచి ధర చెల్లించాలి, లేదా లెవీ విధించి బలవంతంగా తీసుకోవాలి. మొదటిది ప్రణాళికా వ్యయాన్ని పెంచుతుంది. రెండోది గ్రామాల్లో కాంగ్రెసుకు వెన్నుదన్నుగా నిలిచిన భూస్వామ్య, సంపన్న రైతు వర్గాలను దూరం చేస్తుంది. ధాన్యపు టోకు వ్యాపారాన్ని ప్రభుత్వం చేపట్టాలని 1959లో చేసిన ప్రయత్నం నిలదొక్కుకోలేదు; భూసంస్కరణలు చాలా రాష్ట్రాల్లో కాగితాలకే పరిమితమయ్యాయి. రేవులో దిగే గోధుమలు ఈ చిక్కు నిర్ణయాలన్నింటినీ వాయిదా వేసుకునే వెసులుబాటు ఇచ్చాయి. 1960ల ఆరంభంలో ప్రభుత్వ పంపిణీకి దిగుమతులే ప్రధాన ఆధారం. దేశీయ సేకరణ వాటితో పోలిస్తే స్వల్పం.

ఈ గోధుమల జాడ ఊహించని చోట్ల కూడా కనిపిస్తుంది. అమెరికా ఖాతాలో పేరుకుపోయిన రూపాయలతోనే 1962 నుంచి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ భారతీయ భాషల ప్రచురణలను కొని అమెరికన్ విశ్వవిద్యాలయాల గ్రంథాలయాలకు పంపింది. నేడు తెలుగు పరిశోధకులు అక్కడ వెదికి పట్టుకుంటున్న నాటి నవలలు, కవితా సంపుటాలు, పత్రికల్లో ఎన్నో అలా చేరినవే. చివరికి 1974లో ఈ నిల్వలో 1,664 కోట్ల రూపాయలను అమెరికా భారతదేశానికే గ్రాంటుగా వదిలేసింది.

3. పొట్టి పలుపు:
1962 చైనా యుద్ధం తర్వాత రక్షణ వ్యయం భారీగా పెరిగింది. 1964 మేలో నెహ్రూ మరణించారు. లాల్ బహదూర్ శాస్త్రి మంత్రివర్గంలో ఆహార, వ్యవసాయ శాఖను సి. సుబ్రహ్మణ్యం చేపట్టారు. అంతకుముందు ఆయన ఉక్కు శాఖ మంత్రి. ప్రణాళికల్లో ఉక్కుదే పైచేయిగా ఉన్న రోజుల్లో ఈ మార్పు గమనించదగినది.

1964–65లో తిండిగింజల ఉత్పత్తి 8.9 కోట్ల టన్నులు. మరుసటి ఏడాది వానలు మొహం చాటేయడంతో అది 7.2 కోట్ల టన్నులకు పడిపోయింది. 1966–67లో కూడా 7.4 కోట్ల టన్నులు దాటలేదు. సరిగ్గా ఈ సమయంలోనే 1960 ఒప్పందపు పొడిగింపు గడువు తీరింది. 1965 సెప్టెంబరులో భారత–పాకిస్తాన్ యుద్ధం మొదలుకాగానే ఉభయ దేశాలకూ అమెరికా సాయాన్ని నిలిపివేసింది. అధ్యక్షుడు లిండన్ జాన్సన్ దీర్ఘకాలిక ధాన్య ఒప్పందానికి అంగీకరించక, కొద్ది నెలలకు సరిపడే మేరకే ఎప్పటికప్పుడు అనుమతులిచ్చే పద్ధతి అవలంబించారు. పశువు మేతకు వెళ్లగలిగే దూరాన్ని మెడలోని పలుపు నిర్ణయించినట్లు, భారత ప్రభుత్వం ఎంతదూరం ముందుచూపుతో ప్రణాళిక వేయగలదో ఈ అనుమతులే నిర్ణయించసాగాయి. 1966లో దిగుమతులు కోటి టన్నులు దాటాయి. ఓడ రేవుకు చేరితేగాని రేషన్ దుకాణంలో సరుకు ఉండని రోజులవి.

శాస్త్రి ప్రభుత్వం ప్రజలను వారంలో ఒక పూట భోజనం మానమని కోరింది. ‘జై జవాన్, జై కిసాన్’ నినాదం వెలువడిన సందర్భమూ ఇదే. సరిహద్దులోని సైనికుడినీ పొలంలోని రైతునూ ఒకే వాక్యంలో నిలిపిన ఆ నినాదం ఆహారాన్ని దేశరక్షణ సమస్యగా గుర్తించింది.

1965 నవంబరులో రోమ్ నగరంలో సుబ్రహ్మణ్యం, అమెరికా వ్యవసాయ మంత్రి ఆర్విల్ ఫ్రీమన్ మధ్య అవగాహన కుదిరింది. వ్యవసాయానికి కేటాయింపులు పెంచడం, ఎరువుల రంగంలో ప్రైవేటు, విదేశీ పెట్టుబడికి వెసులుబాటు ఇవ్వడం, అధిక దిగుబడి విత్తనాలను వేగంగా వ్యాప్తి చేయడం అందులోని ముఖ్యాంశాలు. శాస్త్రి మరణానంతరం ప్రధాని అయిన ఇందిరాగాంధీ 1966 మార్చిలో అమెరికా పర్యటించారు. జూన్ 6న రూపాయి విలువ తగ్గింది; డాలరు 4.76 రూపాయల నుంచి 7.50 రూపాయలైంది. విలువ తగ్గింపు ప్రపంచబ్యాంకు, అమెరికా కోరినదే. దానికి ప్రతిగా ఆశించిన సాయం మాత్రం అనుకున్నంతకాలం అందలేదు. దేశంలో ధరలు పెరిగాయి. వామపక్షాలతోపాటు కాంగ్రెసులోని పెద్దలు కూడా ఈ నిర్ణయాన్ని విమర్శించారు.

జూలైలో మాస్కో పర్యటన ముగింపున వెలువడిన సంయుక్త ప్రకటన వియత్నాంపై బాంబుదాడులను ఆపాలని కోరుతూ సామ్రాజ్యవాద శక్తులను విమర్శించింది. విలువ తగ్గింపుతో దెబ్బతిన్న ప్రతిష్ఠను దేశంలో తిరిగి నిలబెట్టుకోవడానికి ఈ వైఖరి ప్రధానికి అవసరమైంది. కానీ దాని ప్రభావం వాషింగ్టన్‌లో కనిపించింది. ఆ ఏడాది ద్వితీయార్ధంలో ధాన్యపు కొత్త అనుమతులు ఆలస్యమయ్యాయి. అదే కాలంలో బీహార్ రెండో ఏడాది అనావృష్టితో అల్లాడుతోంది. 1967 ఏప్రిల్‌లో ఆ రాష్ట్రంలోని కొన్ని ప్రాంతాలను అధికారికంగా కరువు ప్రాంతాలుగా ప్రకటించారు. జయప్రకాశ్ నారాయణ్ నేతృత్వంలోని బీహార్ సహాయ సంఘం, ప్రభుత్వ చౌకధరల దుకాణాలు, ఓడల్లో వచ్చిన గోధుమలు కలిసి బెంగాల్ విషాదం పునరావృతం కాకుండా నిలువరించాయి. అలీన విధానపు మర్యాద, బీహార్ కూలీ కంచం ఒకే తక్కెడలో తూగిన సందర్భమది.

4. దేశంలోపలి సరిహద్దులు:
ఢిల్లీ, వాషింగ్టన్ సంబంధాల్లో కనిపించిన ఇచ్చేవాడు–పుచ్చుకునేవాడు అన్న అసమానత దేశంలోపల మరో రూపంలో ఉంది. 1957లో ఆంధ్రప్రదేశ్, మద్రాసు, మైసూరు, కేరళలను కలిపి దక్షిణ బియ్యపు మండలం ఏర్పాటు చేశారు. మిగులున్న ఆంధ్రనుంచి కొరత ఉన్న కేరళకు వ్యాపార మార్గంలో బియ్యం ప్రవహించాలన్నది ఉద్దేశం. ధరలు పెరిగిన 1964లో దానిని విడదీసి, రాష్ట్రమే ఒక మండలమయ్యేలా మార్చారు. రాష్ట్ర సరిహద్దుల్లోని చెక్‌పోస్టులు బియ్యం బస్తాలకు అంతర్జాతీయ సరిహద్దులంత కఠినమయ్యాయి.

మిగులు రాష్ట్రాల ముఖ్యమంత్రులు ఈ కట్టడులను సమర్థించారు. ధాన్యం బయటికి పోకుంటే స్థానికంగా ధర అదుపులో ఉంటుంది, సేకరణ సులభమవుతుంది. కొరత రాష్ట్రాలు దేశమంతా ఒకే మార్కెట్ కావాలన్నాయి. రైతుకు మాత్రం ఈ ఏర్పాటు నష్టం తెచ్చింది; పొరుగు రాష్ట్రంలో పలికే ధర అతనికి దక్కలేదు. వ్యవసాయం రాజ్యాంగరీత్యా రాష్ట్ర జాబితాలోని అంశం. అందువల్ల మిగులు రాష్ట్రాలనుంచి ధాన్యం రాబట్టడానికి కేంద్రం ఆదేశాలకన్నా బేరసారాలనే ఎక్కువగా ఆశ్రయించవలసి వచ్చింది. వాషింగ్టన్‌తో బేరమాడిన ప్రభుత్వమే హైదరాబాదు, చండీగఢ్, భోపాల్‌లతోనూ బేరమాడింది. మొదటి బేరంలో బలహీనత రెండో బేరంలో విఫలతనుంచి పుట్టింది. దేశంలోని మిగులును కొరత ప్రాంతాలకు చేర్చగల యంత్రాంగం ఉండి ఉంటే ఓడల అవసరం పూర్తిగా తీరకపోయినా చాలామేరకు తగ్గేది.

ప్రణాళికలపైనా ఈ సంక్షోభపు దెబ్బ పడింది. నాలుగో పంచవర్ష ప్రణాళిక 1969 ఏప్రిల్ దాకా వాయిదా పడి, మూడేళ్లు వార్షిక ప్రణాళికలతో గడిచాయి. ఐదో ఉక్కు కర్మాగారానికి విశాఖపట్నం అనువైనదని ఆంగ్ల–అమెరికన్ నిపుణుల బృందం 1965లో సిఫారసు చేసినా నిధుల కొరత చూపి కేంద్రం వెనుకాడింది. 1966 చివర ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ ఉద్యమం చెలరేగి, పోలీసు కాల్పుల్లో 32 మంది ప్రాణాలు కోల్పోయారు. దేశానికి బియ్యం సమకూర్చే రాష్ట్రం తనకు రావలసిన పరిశ్రమకోసం వీధికెక్కిన ఆ ఘటనను సంక్షోభకాలపు వనరుల కొరతనుంచి వేరుచేసి చూడడం సరికాదు.

1967 సాధారణ ఎన్నికల్లో లోక్‌సభలో కాంగ్రెసు బలం 283కు తగ్గింది. పలు రాష్ట్రాల్లో అధికారం చేజారింది. మద్రాసులో రూపాయికి బియ్యం వాగ్దానం ద్రావిడ మున్నేట్ర కజగం ప్రచారంలో ముఖ్యాంశమైంది. కొత్త వ్యవసాయ విధానపు రూపశిల్పి సుబ్రహ్మణ్యం కూడా ఆ ఎన్నికల్లో ఓడిపోయారు.

5. ఒత్తిడా, సంకల్పమా?
నాటి మార్పును రెండు రకాలుగా వ్యాఖ్యానించడం కనిపిస్తుంది. అమెరికా మెడలు వంచి కొత్త వ్యవసాయ విధానాన్ని రుద్దిందన్నది మొదటిది. అవమానంనుంచి పుట్టిన జాతీయ దీక్షే దానికి కారణమన్నది రెండోది. కాలక్రమాన్ని పరిశీలిస్తే రెండూ పూర్తిగా నిలవవు.

భారత ఆహార సంస్థ, వ్యవసాయ ధరల సంఘం 1965 జనవరిలోనే ఏర్పడ్డాయి. అప్పటికి పొట్టి పలుపు విధానం మొదలుకాలేదు. మెక్సికన్ పొట్టి గోధుమ రకాలపై ఎం.ఎస్. స్వామినాథన్ తదితర శాస్త్రవేత్తల పరీక్షలు నార్మన్ బోర్లాగ్ 1963లో భారతదేశం వచ్చిన నాటినుంచే సాగుతున్నాయి. అఖిల భారత సమన్వయ వరి అభివృద్ధి పథకం 1965లో హైదరాబాదు కేంద్రంగా ప్రారంభమైంది. అంతకుముందే, 1960–61లో ఎంపికైన తొలి ఏడు సాంద్ర వ్యవసాయ జిల్లాల్లో పశ్చిమ గోదావరి ఒకటి. కాబట్టి విధానపు దినుసులన్నీ దేశంలోనే సిద్ధంగా ఉన్నాయి.

అయితే అవి సిద్ధంగా ఉండడం వేరు, మంత్రివర్గం వాటిని ఆమోదించడం వేరు. ఎరువుల దిగుమతికి విదేశీ మారకద్రవ్యం కేటాయించడాన్ని ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి వ్యతిరేకించారు. ఎరువుల తయారీలో విదేశీ సంస్థల ప్రవేశాన్ని వామపక్షం నిరసించింది. ఈ అంతర్గత వివాదంలో సుబ్రహ్మణ్యం పక్షాన త్రాసు మొగ్గడానికి వాషింగ్టన్ ఒత్తిడి తోడ్పడింది. ఒత్తిడి విధానాన్ని సృష్టించలేదు. దేశంలోని ఒక పక్షానికి బలమిచ్చి, వేగాన్ని పెంచింది. 1966లో 18,000 టన్నుల మెక్సికన్ గోధుమ విత్తనం దిగుమతి కావడం ఆ వేగానికి నిదర్శనం. మరోవైపు అదే ఒత్తిడి విలువ తగ్గింపు, వియత్నాం విషయాల్లో ఎదురుతిరిగింది. బయటి బలం దేశంలోని అవసరంతో కలిసినచోట ఫలించిందనీ, కలవనిచోట వికటించిందనీ దీనినుంచి గ్రహించవచ్చు.

6. గోదావరి డెల్టా అనుభవం:
1966 చివర ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఐఆర్8 రకాన్ని విడుదల చేసింది. పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటకు చెందిన రైతు నెక్కంటి సుబ్బారావు 1967లో దానిని సాగుచేసి, విత్తనాన్ని ఇతర రైతులకు చేర్చి ‘మిస్టర్ ఐఆర్8’గా పేరొందారు. అదే ఏడాది ఆగస్టులో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదిలారు. 1968లో ‘జయ’ రకం హైదరాబాదు కేంద్రంగా సాగిన కృషినుంచి వెలువడింది.

అయినా వరిలో ఫలితం గోధుమలోవలె వెంటనే రాలేదు. 1966–67లో 1.1 కోట్ల టన్నులున్న గోధుమ ఉత్పత్తి 1970–71 నాటికి 2.3 కోట్ల టన్నులు దాటింది. బియ్యం ఉత్పత్తి మాత్రం 1964–65లోని 3.9 కోట్ల టన్నులనుంచి 1970–71కి 4.2 కోట్లకే చేరింది. ముసురు, ముంపు, తెగుళ్లు ఉండే సార్వాలో పొట్టి రకాలు తడబడ్డాయి. ఎండ, అదుపులో ఉన్న నీరు దొరికే దాళ్వాలో రాణించాయి. కాలువ నీరు, ఎరువు, పెట్టుబడి ఉన్నవారికే కొత్త విత్తనం లాభించింది. మెట్ట పంటల మీద బతికే తెలంగాణ, రాయలసీమ గ్రామాలకు దీనివల్ల తొలిదశలో ఒరిగింది తక్కువ. కొత్త వ్యవసాయం గ్రామాల్లో అసమానతలను పెంచి అశాంతికి దారితీస్తోందని కేంద్ర హోంశాఖే 1969లో తన నివేదికలో హెచ్చరించింది. ఈ విధంగా, దేశ స్వయంనిర్ణయాధికారపు ఖరీదులో కొంత దేశంలోని మెట్ట రైతులు, కౌలుదారులు, కూలీలు చెల్లించారు.

7. మారిన పరాధీనత:
1967–68లో ఉత్పత్తి 9.5 కోట్ల టన్నులకు చేరింది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నాటికి అమెరికా సాయం నిలిపివేసినా ప్రభుత్వం తన విధానాన్ని మార్చుకోలేదు. ధాన్యాగారాల్లోని నిల్వలు ఆ ధైర్యానికి ఒక ఆధారం. ఐదేళ్ల క్రితం ఒక ప్రకటన వెలకట్టవలసివచ్చిన దేశం, ఈసారి యుద్ధాన్నే తన నిర్ణయం మేరకు నడిపింది.

కానీ పరాధీనత అంతరించలేదు, రూపం మార్చుకుంది. 1973లో మళ్లీ కొరత ఏర్పడినపుడు సోవియట్ యూనియన్‌నుంచి 20 లక్షల టన్నుల గోధుమలు అప్పుగా తెచ్చుకోవలసి వచ్చింది. ఆ ఏడాది చివర చమురు ధరలు పెరగడంతో ఎరువుల ధరలూ ఎగసిపడ్డాయి. గింజలకోసం చూసే ఎదురుచూపు ఎరువులు, చమురుకోసం ఎదురుచూపుగా మారింది. సేకరణ–నిల్వ–పంపిణీ వ్యవస్థ మాత్రం స్థిరపడింది. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం అమలుచేసిన కిలో రెండు రూపాయల బియ్యం పథకానికీ, 2013 జాతీయ ఆహార భద్రతా చట్టానికీ పునాది అదే. ఆ చట్టం వచ్చిన ఏడాదే బాలిలో జరిగిన ప్రపంచ వాణిజ్య సంస్థ సమావేశంలో, మద్దతు ధరకు ధాన్యం సేకరించి నిల్వచేసే భారత విధానం వివాదాస్పదమైంది. మద్దతు ధర ఇచ్చే రాయితీని 1986–88 నాటి ధరలతో పోల్చి లెక్కగట్టే నిబంధన అందుకు కారణం. తాత్కాలిక మినహాయింపుతో నాడు రాజీ కుదిరింది. రైతుకు ఇచ్చే ధర ఇప్పటికీ దౌత్యవేత్తల బల్లమీది అంశమే.

8. ముగింపు:
1965–67 సంక్షోభం భారతదేశానికి ఎదురైన సవాళ్లను ‘లోపలివి’, ‘బయటివి’ అని విడదీసి చదవడంలోని పరిమితిని చూపుతుంది. భూసంస్కరణ, సేకరణ, ధర విషయాల్లో తొలి పదిహేనేళ్లు వాయిదావేసిన నిర్ణయాలే వాషింగ్టన్ చేతిలోని పలుపును పేనాయి. దానిని వదిలించుకోవడానికి వాడిన విత్తనం, నీరు, ఎరువు, మద్దతు ధర కూడా దేశీయ విధానంలోని సాధనాలే. అలీన విధానం సభావేదికలమీద ఎంత దృఢంగా ప్రకటితమైనా, దాని అసలు బలం గిడ్డంగిలోని నిల్వను బట్టి హెచ్చుతగ్గులకు లోనైంది.

అయితే గిడ్డంగి నిండడంతో ప్రశ్న ముగియదు. అది ఎవరి పొలంతో నిండింది, ఏ ప్రాంతాన్ని వెనక్కి నెట్టింది, ఏ పంటను పక్కకు తోసింది అన్న విచారణ కూడా విదేశాంగ చరిత్రలో భాగం కావాలి. జిల్లా స్థాయి సేకరణ రికార్డులనూ, ఆహార మండలాలపై శాసనసభ చర్చలనూ, నాటి తెలుగు పత్రికలనూ దౌత్య పత్రాలతో కలిపి చదివే పరిశోధన ఈ దిశలో చేయదగిన పని.